అక్షరమును, సైకిలును

వయోజన విద్య పత్రికలకు సులభముగ లొంగు వార్త కాదు. హత్య మరునాడే వార్తయగును. ఒక తల్లి తన పేరు వ్రాయ నేర్చుటకు మాసములు పట్టును, అన్నినాళ్ళు విలేఖరి నొక జిల్లాలో నుంచుటకు ఏ పత్రికకును ఓపిక చాలదు. ఆ కాలమును సమకూర్చునదే ఫెలోషిప్పు. అవును, కావలసినది కాలమే.

1993లో టైమ్స్ ఆఫ్ ఇండియా ఫెలోషిప్పు పొందిన విలేఖరి పాలగుమ్మి సాయినాథ్, మన పూర్వ రాష్ట్రపతి వి. వి. గిరిగారి మనుమడు, దేశములోని నిరుపేద జిల్లాలలో తిరిగిరి. తమిళనాడులోని పుదుక్కోట్టైలో ఆయన చూచినది వింతయే: అఱివొళి అను అక్షరాస్యతోద్యమమున ఓనమాలు దిద్దిన పల్లెపడుచులు, రాతిగనుల కూలీలు, సైకిళ్ళెక్కి సంచరించుచుండిరి! కలెక్టరు షీలారాణి చుంకత్ సైకిలును చదువులో భాగము చేసిరి. ఆడువారి సైకిళ్ళు చాలకపోగా, మగవారి సైకిళ్ళనే కొనిరి. ముందరి అడ్డకమ్మిపై బిడ్డను కూర్చుండబెట్టుకొనవచ్చునట! ఈ చిన్నమాట కార్యాలయపు గణాంకములలో దొరకునా? దొరకదు. ఊరిలో నిలిచినవానికే దొరకును.

సాయినాథ్ వ్రాతలు 1996లో గ్రంథమైనవి. అంతకు కొన్నేండ్ల ముందే మన నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడి స్త్రీలు సారాపై తిరుగబడిరి. ఆ కథ రాష్ట్రమంతట ప్రాకుటకు పల్లెలు తిరిగిన విలేఖరులును కారకులే.