పుట్టిన ఊరు, ఉంటున్న ఊరు

హోసూరులో 1990లో పుట్టినవారిది ధర్మపురి జిల్లా. 1965కు ముందు పుట్టిన వాళ్ల పెద్దలది సేలం జిల్లా. 2004 నుంచి అదే ఊరు కృష్ణగిరి జిల్లాలో ఉంది. ఊరు కదల్లేదు, జిల్లా మారింది! పాత కాగితంలో వేరే జిల్లా పేరు చూసి కంగారు పడనక్కర్లేదు.

మరి ఆధార్‌కు పుట్టిన ఊరా, ఉంటున్న ఊరా, ఏది లెక్క? ఉంటున్న చోటు. కుప్పంలో పుట్టి ధర్మపురికి కోడలిగా వచ్చినామె తన కార్డులో ఇక్కడి చిరునామా వేయించుకోవచ్చు. ఓటరు జాబితాకూ నివాసమే ముఖ్యం, పుట్టినచోటు కాదు. అయితే ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు.

పసిబిడ్డల సంగతి వేరు. 2023 అక్టోబరు నుంచి పుట్టినవారికి బడిలో చేరడానికైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి, చోటుకు జనన ధ్రువపత్రమే ఆధారం. బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపు, అంటే మూడు వారాల్లోపు, జననం నమోదు చేయించండి.