ఫస్ట్ నర్సింగ్ జాబ్‌కి హైదరాబాద్ వెళ్తున్నారా? ఒరిజినల్స్ జాగ్రత్త!

ఎప్పుడూ సాఫ్ట్‌వేర్ జాబ్స్ గురించే చెప్తున్నానని మా పిన్ని కూతురు తిట్టింది. అందుకే ఈరోజు తన కథే.

శ్రీకాకుళంలో బీఎస్సీ నర్సింగ్ చేసింది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో స్టాఫ్ నర్స్ జాబ్. ఇంట్లో ఫుల్ హ్యాపీ. జాయినింగ్ రోజు "ఒరిజినల్స్ ఇవ్వమ్మా, వెరిఫికేషన్‌కి" అన్నారు, ఇచ్చేసింది. రెండేళ్ల బాండ్ మీద చదవకుండానే సంతకం పెట్టింది. ఆరు నెలలకి గవర్నమెంట్ నోటిఫికేషన్ పడింది, ఒరిజినల్స్ చూపించాలి. బాండ్ డబ్బు కడితేనే ఇస్తామన్నారు! "అన్నయ్యా, ఏం చెయ్యను?" అని రాత్రి పదకొండుకి ఫోన్‌లో ఒకటే ఏడుపు. బాబాయ్ అప్పు తెచ్చి కట్టాడు.

మీరు మాత్రం ఒరిజినల్స్ చూపించండి, జిరాక్స్‌లు ఇవ్వండి, అదే రోజు ఒరిజినల్స్ వెనక్కి తెచ్చుకోండి. అడగడానికి మొహమాటం వద్దు.

ఇంకోటి, ఆంధ్రా రిజిస్ట్రేషన్‌తో తెలంగాణలో పని చేస్తే సరిపోదు. ఆంధ్రా నర్సింగ్ కౌన్సిల్ నుంచి ఎన్‌ఓసీ తీసుకుని, తెలంగాణ కౌన్సిల్‌లో మళ్లీ రిజిస్టర్ అవ్వాలి. ఆఫర్ రాగానే మొదలుపెట్టండి.

హాస్టల్ అంటారా, వెయ్యి ఎక్కువైనా నడిచి వెళ్లేంత దగ్గరలో చూసుకోండి. నైట్ డ్యూటీ చేసేవాళ్లున్న రూమే అడగండి. లేకపోతే పగలు రూమ్మేట్స్ రీల్స్ సౌండ్‌కి నిద్రే పట్టదు, మా చెల్లి మూడు నెలలు అలాగే గడిపింది.

సరే ఫ్రెండ్స్, మళ్లీ కలుద్దాం.