తలుపు బందులు – సముద్రపు గాలి

విజయవాడలో కొండల నడుమనున్న యింటి గడియయు, బందరు రేవు దాపుననున్న యింటి గడియయు ఒకే అంగడిలో కొన్నవైనను ఒకే కాలము మన్నవు. రెండూళ్ళకును నడుమ దూరము సుమారు 70 కిలోమీటర్లే. కాని బందరు గాలిలో ఉప్పు కలదు. అది లోహముపై పేరుకొని, గాలిలోని చెమ్మను పీల్చి, కంటికి కానరాని ఉప్పునీటి పొరను నిలిపియుంచును. నీరును ప్రాణవాయువును కూడినచో ఇనుము త్రుప్పు పట్టును; ఉప్పు ఆ పనిని త్వరపరచును. ఆ త్రుప్పు పెళ్ళలుగా రాలి, లోపలి ఇనుమును మరల గాలికి అప్పగించును.

రాగి, ఇత్తడి అట్టివి కావు. వానిపై పట్టు చిలుము చాలవరకు లోపలి లోహమునకు కవచమగును. వంటపాత్రలను చింతపండుతో తోమక తప్పదు గాని, గొళ్ళెములకు ఆ సేవ అక్కరలేదు.

అట్లయిన అన్నియు ఇత్తడివే వేయింతమనిపించును. ఇచ్చటనే మేము మోసపోయితిమి. దివిసీమలోని మా యింటి వీధితలుపునకు బరువైన ఇత్తడి బందులు తెచ్చితిమి. వడ్రంగియొద్ద ఇత్తడి మరమేకులు లేకపోగా ఇనుపవి బిగించెను. మేకులే గదా యని మేమును ఊరకుంటిమి. నాలుగు వానకాలములు గడచుసరికి బందులు చెక్కుచెదరలేదు. మేకుల తలలు మాత్రము గోటితో గీరిన రాలిపోయెను. తలుపు ఒరిగినది.

రెండు లోహములు తడిలో తాకియున్నచో అది చిన్న విద్యుద్ఘటమగును. ఇత్తడి, ఇనుములలో కరగునది ఇనుమే. పెద్ద ఇత్తడి బందునకు చిన్న ఇనుపమేకు చిక్కినచో నష్టమంతయు ఆ మేకుపైననే పడును. జింకు పూతలో జరుగునది దీనికి విపర్యయము. జింకు తాను ముందు కరగి, పూతపై గీత పడినచోట కూడ ఇనుమును కాచును. అదియు తరిగిపోవునదే గనుక రేకుల కొక్కెములను, బోల్టులను చూచుచుండవలెను. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను ఎరిగిన సీమలో ఇది చిన్న మాట కాదు. గాలివాన రేకును లేపుట బిగింపు వదలిన చోటనే మొదలగును. ఆశ్వయుజమునకు ముందే నిచ్చెన వేసికొని చూచుట మేలు.

స్టెయిన్‌లెస్ స్టీలు మన్నికైనదే గాని, ఉప్పుగాలికి దానికిని సూదిపోట్లవంటి గుంటలు పడును. మాలిబ్డినము కలిసిన రకము తీరమున ఎక్కువ నిలుచును, వెలయు ఎక్కువే.

మా తలుపునకు ఇప్పుడు ఇత్తడి మరమేకులే యున్నవి. వడ్రంగి కూలి మాత్రము రెండుమారులు చెల్లించితిమి.