నెలనొప్పి – శస్త్రచికిత్స

నెలనెలా కడుపునొప్పి ఆడుదానికి సహజమేనని మన యిండ్లలో పెద్దలనగా వినుచుందుము. కాని మంచము పట్టించు నొప్పి సహజము కాదు. దాని వెనుక ఎండోమెట్రియోసిస్ అను వ్యాధి దాగియుండవచ్చును. సంతానయోగ్యమైన వయస్సుగల స్త్రీలలో పదింట సుమారు ఒకరికి ఈ వ్యాధి కలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఈ వ్యాధిలో గర్భాశయపు లోపలి పొరవంటి కణజాలము గర్భాశయము వెలుపల పెరుగును. బహిష్టు సమయమున అక్కడను రక్తము స్రవించును. బయటికి దారి యుండదు. అందుచే అండాశయములలో చాక్లెట్ రంగు ద్రవముతో తిత్తులు కట్టును. 1921లో శాంప్సన్ అను అమెరికా వైద్యుడు వీనిని వివరించెను. వ్యాధి ముదిరినచో గర్భాశయము, అండాశయములు, పెద్దప్రేగు ఒకదానికొకటి అతుకుకొనును. అయినను నొప్పి తీవ్రతను బట్టి వ్యాధి తీవ్రతను చెప్పజాలము.

మందులతో నొప్పి తగ్గనప్పుడును, తిత్తులు పెరిగినప్పుడును, ప్రేగునకో మూత్రనాళమునకో అడ్డు కలిగినప్పుడును శస్త్రచికిత్స అవసరమగును. బొడ్డువద్ద చిన్నరంధ్రము చేసి, లాపరోస్కోపుతో లోపల చూచుచు, వైద్యులు అతుకులను విడదీయుదురు. మూత్రనాళములు గాయపడకుండ కాచుకొందురు. అండాశయమును వీలైనంత నిలుపుచు తిత్తిపొరను తొలగింతురు. వ్యాధి ప్రేగులోనికి చొచ్చినచో ప్రేగుల శస్త్రవైద్యుడును తోడుండవలెను. పిదపను వ్యాధి తిరుగబెట్టవచ్చును గనుక, వెంటనే సంతానము కోరనివారికి హార్మోను మందులిత్తురు.

ఇక ముఖ్యమైన మాట. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకొనిన స్త్రీల నిష్పత్తి తెలుగు రాష్ట్రములు రెంటిలోను దేశపు సగటును మించియున్నది. నొప్పి యనగానే గర్భసంచి తీయించుట పరిష్కారము కాదు. వెలుపలి వ్యాధి మిగిలినచో నొప్పియు మిగులును. చిన్నవయస్సున అండాశయములు కూడ తీసినచో ముట్లుడిగి, ఎముకలు బలహీనపడును.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి 2016లో జిల్లా కేంద్రములైనవి. మహబూబాబాదులో 2022లోను, తక్కిన రెంటిలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరువబడినవి. కావున తొలి పరీక్షకు దూరము పోనక్కరలేదు. పెద్ద ఆపరేషను వలసినప్పుడు మాత్రము, దానియందు అనుభవమున్న వైద్యబృందము గల చోటికే పోవుట మేలు. పోయినపుడు మూడు ప్రశ్నలడుగుడు: వ్యాధి ఎంతవరకు వ్యాపించినది? అండాశయములను నిలుపగలరా? ప్రేగుల వైద్యుడు దగ్గరనుండునా?

బిడ్డ నొప్పి యన్నప్పుడు ఓర్చుకొమ్మనక, ఎన్నాళ్లనుండి యని అడుగుదము. చికిత్స అక్కడనే మొదలగును.