మన కార్డు, మన చేతిరాత
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మా పొదుపులు, బ్యాంకు లింకేజీ, రికవరీ లెక్కలు నివేదికలో వేరేగా ఇచ్చాం. వాటిని మళ్లీ చదివి మీ టైం తీసుకోం. ఈ ఏడాది మేము కంప్యూటర్‌లో మా అంతట మేమే పోస్టుకార్డులు తయారు చేసుకుని అచ్చు వేయించాం. ఆ పనిలో రెండు తప్పులు చేశాం. అవే తప్పులు మీరు చేయకూడదని ఈ నాలుగు మాటలు చెబుతున్నాం.

ఈ రోజుల్లో పోస్టుకార్డేమిటి, అందరి దగ్గరా ఫోన్లున్నాయి కదా అని మీరనుకోవచ్చు. మేమూ అలాగే అనుకున్నాం. మా ఊళ్లో 24 చిన్న సంఘాలు, 240 మంది సభ్యులం. అందరికీ మెసేజ్ పెడదామని నంబర్లు రాసుకుంటూ పోతే అసలు సంగతి తెలిసింది. చాలామంది ఇచ్చిన నంబరు భర్తది, కాకపోతే కొడుకుది. బ్యాంకు నుంచి ఏదైనా వస్తే ముందు చూసేది వాళ్లే. పెద్ద వయసు అక్కలకు ఫోను ఎత్తడం వచ్చు గానీ మెసేజ్ తెరవడం రాదు. ఇక పాసుపుస్తకాలంటారా, సగం లీడర్ల సంచుల్లోనే ఉన్నాయి. మన పేరు మీద ఎంత పొదుపుంది, ఎంత బాకీ ఉంది అని అడిగితే, "మా లీడరక్కకు తెలుసు" అనేవాళ్లే ఎక్కువ. ఆ మాట విని మాకు భయం వేసింది. లీడర్లు మంచివాళ్లే కావచ్చు. కానీ లెక్క రాసేవాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియకపోతే, తప్పు జరిగినా ఎలా బయటపడుతుంది?

అందుకని ప్రతి సభ్యురాలికీ ఆమె పేరు మీద ఒక కార్డు వెళ్లాలని తీర్మానం రాసుకున్నాం. మన దేశంలో పోస్టుకార్డు 1879 జులై 1న మొదలైంది. ఆ రోజున దాని ధర కాణీ. ఇన్నేళ్ల తర్వాత కూడా అర్ధ రూపాయికే మాట మోసుకెళ్లే సాధనం అది. మా సంఘాల్లో చాలామందికి పెళ్లి శుభలేఖ కూడా భర్త పేరు మీదే వస్తుంది. తన పేరు రాసిన కార్డు పోస్టు ద్వారా రావడం వాళ్లకు అదే మొదటిసారి.

మొదటిసారి మేము చేసిన కార్డులో ఒకవైపు చిరునామా, రెండోవైపు మేటరంతా అచ్చు. "మీ పొదుపు ఇంత, మీ అప్పు బాకీ ఇంత, కట్టాల్సిన వాయిదాలు ఇన్ని" అని ఖాళీలు పెట్టి, అంకెలు మాత్రం పెన్నుతో నింపాం. 240 కార్డులకు అర్ధ రూపాయి స్టాంపులు, మొత్తం 120 రూపాయలవి అంటించి, సంచిలో వేసుకుని పోస్టాఫీసుకు వెళ్లాం. అక్కడ కౌంటర్‌లో ఒక కార్డు తిప్పి చూసి, ఇది అచ్చు కార్డమ్మా, దీనికి రేటు వేరు అన్నారు. సమాచారాన్ని చేత్తో రాస్తే అర్ధ రూపాయి, అదే సమాచారాన్ని అచ్చు వేస్తే కార్డుకు 6 రూపాయలు. అంటే 120 అనుకున్నది 1,440 రూపాయలైంది. తక్కువ స్టాంపుతో డబ్బాలో వేసేస్తే, తగ్గిన సొమ్ముకు రెట్టింపు కార్డు అందుకున్న వాళ్ల దగ్గర వసూలు చేస్తారని కూడా చెప్పారు. మనం పంపిన కార్డుకు మన సభ్యురాలు 11 రూపాయలు కట్టాలన్నమాట! తప్పు మాదే, ముందే అడిగి ఉండాల్సింది.

అంత డబ్బు పెట్టలేక కార్డులను వెనక్కి తెచ్చి లీడర్ల చేత ఇంటింటికీ పంపించాం. అదే రెండో తప్పు. కార్డుకు కవరుండదు, ఎవరి చేతిలో పడితే వాళ్లు చదువుతారు. ఒక అక్క ఇంట్లో లేనప్పుడు ఆమె కార్డును పక్కింట్లో ఇచ్చి వచ్చారు. సాయంత్రానికి అది టీకొట్టు దాకా పోయింది. ఆమె ఎన్ని వాయిదాలు తప్పిందో నలుగురి ముందు గట్టిగా చదివారు. ఆ అక్క రెండు మీటింగులకు రాలేదు. మేమే ఇంటికెళ్లి క్షమించమని అడిగాం. అప్పుడామె ఒక మాట అంది: "బాకీ నాదే, దాచుకోను. కానీ అది నా నోటితో నేను చెప్పాలి గానీ, ఊరంతా తిరిగే కార్డు చెప్పకూడదు." మేము తలొంచుకుని వచ్చేశాం. పోస్టులో వెళ్లినా జరిగేది ఇదే కదా అని అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత మళ్లీ కూర్చుని కార్డు మార్చాం. అందరికీ ఒకటే అయినవి, అంటే బొమ్మ, సంఘం పేరు, చిరునామా గీతలు, ఇవి మాత్రమే అచ్చు. ఆమెకు చెప్పాల్సిన మాట చేతిరాత. ఇక బాకీ అంకె కార్డు మీద ఉండనే ఉండదు, అది పాసుపుస్తకంలోనే. ఇలా చేస్తే అర్ధ రూపాయి స్టాంపు సరిపోతుందని నమూనా కార్డు చూపించి మరీ అడిగి తెలుసుకున్నాం. మీరు కూడా అచ్చుకు ముందే ఒక నమూనా పట్టుకెళ్లి ఆ రోజు రేటెంతో అడగండి.

ఇక తయారీ ఎలాగో చెబుతాం. దీనికి పెద్ద డిజైన్ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. తీర్మానాలు టైపు చేసే వర్డ్ చాలు. అది లేకపోతే లిబ్రే ఆఫీస్ రైటర్ ఉచితంగా దొరుకుతుంది, పద్ధతి దాదాపు ఒకటే.

పోస్టాఫీసు కార్డు 14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు. మేమూ అదే కొలత పెట్టుకున్నాం. ఏ4 కాగితాన్ని అడ్డంగా పెడితే 29.7 సెంటీమీటర్ల పొడవు, 21 ఎత్తు. పక్కపక్కన రెండు, పైన కింద రెండు, మొత్తం నాలుగు కార్డులు సరిగ్గా పడతాయి. 240 కార్డులకు 60 కాగితాలు.

పేజీ సెటప్‌లో ల్యాండ్‌స్కేప్ పెట్టండి. మార్జిన్లు ఎడమ, కుడి 0.85, పైన 1.5, కింద 1. కింద కూడా 1.5 పెడితే టేబుల్ పేజీ అంతా నిండిపోయి, దాని తర్వాత ఉండే ఖాళీ లైను రెండో పేజీకి దూకుతుంది. మేము ఒక పూటంతా ఆ ఖాళీ పేజీతో కుస్తీ పట్టాం. ఆ ఖాళీ లైను అక్షరాల సైజు కూడా 1కి తగ్గించేయండి.

తర్వాత రెండు అడ్డవరసలు, రెండు నిలువు వరసలతో టేబుల్ పెట్టండి. గడి వెడల్పు 14, ఎత్తు 9. ఎత్తు దగ్గర "ఎగ్జాక్ట్‌లీ" అని ఎంచుకోవాలి, లేకపోతే బొమ్మ పెట్టగానే గడి సాగిపోతుంది. టేబుల్‌ను పేజీకి మధ్యలో పెట్టాలి. బొమ్మ గడి నిండా వద్దు, 12 సెంటీమీటర్ల వెడల్పు, 8 ఎత్తుకు మించకుండా చూసుకోండి. కత్తిరించేటప్పుడు కాస్త అటూఇటూ అయినా బొమ్మ తెగదు. మేము ఒక సభ్యురాలు వేసిన ముగ్గును ఫోనుతో ఫొటో తీసి పెట్టుకున్నాం.

వెనకవైపుకు ఇంకో పేజీ. అక్కడ టేబుల్‌కు నాలుగు నిలువు వరసలు, ఒక్కోటి 7 సెంటీమీటర్లు. ప్రతి కార్డుకూ ఎడమ సగం రాతకు ఖాళీ, కుడి సగం చిరునామాకు. చిరునామా కింద పిన్ కోడ్‌కు ఆరు గడులు గీయండి. పిన్ కోడ్ మనకు 1972 ఆగస్టు 15 నుంచి ఉంది, మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అది 5తో మొదలవుతుంది. కుడి పై మూల స్టాంపుకు వదిలేయండి. వెనకవైపు చుట్టూ గీతలు తీసేయండి, రెండు వైపులా గీతలుంటే ఏ కొంచెం పక్కకు జరిగినా కనబడిపోతుంది.

తెలుగును యూనికోడ్‌లోనే టైపు చేసి, ఫైలును పీడీఎఫ్ చేసి షాపుకు తీసుకెళ్లండి. వాళ్ల కంప్యూటర్‌లో మన ఫాంటు లేకపోతే అక్షరాల రూపు, వరసలు మారిపోతాయి. ప్రింట్ కొట్టేటప్పుడు "ఫిట్ టు పేజ్" తీసేసి "యాక్చువల్ సైజ్" అడగండి, లేకపోతే కార్డు చిన్నదవుతుంది. రెండువైపులా వేసేటప్పుడు "ఫ్లిప్ ఆన్ షార్ట్ ఎడ్జ్" పెట్టాలి, కాదంటే వెనకవైపు తలకిందులుగా వస్తుంది. ముందు మామూలు తెల్ల కాగితం మీద ఒకటి వేసి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని రెండువైపులా కలిశాయో లేదో చూసుకోండి. ఆ తర్వాతే దళసరి అట్టకాగితం పెట్టండి. చిన్న ప్రింటర్లు బాగా దళసరి కాగితం లాగలేవు, కాబట్టి ఎంత మందం వరకు తీసుకుంటుందో అడిగి కొనండి.

కార్డులు వచ్చాక రాత వచ్చినవాళ్లం పంచుకుని రాశాం. రాసింది ఇంతే: "అక్కా, ఫలానా తేదీన మన సంఘం పుస్తకాలు తెరిచి చదువుతాం. మీ పాసుపుస్తకం అడిగి తీసుకుని మీరే రండి." కింద రాసినామె సంతకం.

ఆ రోజు వచ్చినంత మంది మా మీటింగులకు ఎప్పుడూ రాలేదు. లీడర్ల సంచుల్లోంచి పాసుపుస్తకాలు బయటికొచ్చాయి. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి పద్దు చదివి వినిపించాం. ముగ్గురి పుస్తకాల్లో కట్టిన వాయిదాలు పడలేదని తేలింది. రసీదులు వెతికి అక్కడికక్కడే సరిచేశాం. అందులో ఒకరు ఆ టీకొట్టు కార్డు అక్కే. ఆమె మూడు వాయిదాలు తప్పిందని మేము కార్డులో రాశాం. నిజానికి రెండే. ఒకటి కట్టింది, మేము ఎక్కించలేదు. చెయ్యని తప్పుకు కూడా ఆమెను ఊళ్లో చులకన చేశామని మా అందరి ముందూ ఒప్పుకుని, మినిట్స్ పుస్తకంలో రాశాం.

మా ఫైలును సమాఖ్య ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టాం. పెన్ డ్రైవ్ తెచ్చుకుని ఎవరైనా తీసుకెళ్లండి, మీ సంఘం పేరు, మీ బొమ్మ మార్చుకుంటే చాలు. ఎడమ సగం మాత్రం ఖాళీగానే ఉంచండి, అక్కడ మీ చేత్తోనే రాయండి.