ఎవరి పాట వారికి ఇంపు

ఒకరికి త్యాగరాజకృతి ప్రాణము. ప్రక్కయింటివారికి సినిమాపాట ప్రాణము. మొదటివారు రసికులనియు, రెండవవారు పామరులనియు తీర్పు చెప్పుట మనలో పెక్కుమందికి అలవాటు.

ఒకప్పుడు ఈ తీర్పును ప్రభుత్వమే చెప్పినది. 1952లో కేంద్ర సమాచార, ప్రసారశాఖ మంత్రి బి. వి. కేస్కర్‌గారు శాస్త్రీయ సంగీతమునకు పట్టము కట్టదలచి, ఆకాశవాణిలో సినిమాపాటలను అరికట్టిరి. వారి సదుద్దేశమును మనము శంకింప పనిలేదు. కాని శ్రోతలేమి చేసిరి? రేడియో ముల్లును సిలోను వైపు త్రిప్పిరి. తుదకు 1957 అక్టోబరు 3న ఆకాశవాణియే వివిధభారతిని ప్రారంభించి ఆ పాటలకు తావిచ్చినది. ఆజ్ఞవలన అభిరుచి మారదని అప్పుడు తేలినది.

విజయవాడ కేంద్రమున పనిచేసిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు గొప్ప కచేరీ విద్వాంసులై యుండియు, 1967లో వచ్చిన ‘భక్త ప్రహ్లాద’ చిత్రమున నారదపాత్ర ధరించి పాడిరి. పాడిన విద్వాంసునకు లేని ఎగ్గు వినెడి మనకేల?

ఇంటిలో పిల్లవాడు మెచ్చిన పాటను మనము ఈసడించినచో, వాడు మన త్యాగయ్యకును చెవి మూసికొనును. ముందుగా వాని పాటను ఒక్కమారు తుదివరకు విందము. పిమ్మట మన పాటను వినుమని వానిని అడుగుటకు మనకు ముఖముండును.