ఎవాన్స్ సిటీ నుంచి రుద్రవరం దాకా



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు బడిలో ఫిజిక్సు చెప్పేవారు, బడి బయట సినిమా చెప్పేవారు. ఆయన స్మృతికి నేను ఎంచుకున్న విషయం విని కొందరు నొచ్చుకున్నారు. శ్రీశైలం మల్లన్న సన్నిధిలో శవాలు లేచి మనుషులను పీక్కుతినే సినిమా గురించి మాట్లాడతారా అన్నారు. దాని గురించే మాట్లాడతాను. 1968లో అమెరికాలో జార్జ్ రోమెరో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ యాభై ఏళ్ళు దాటినా ఎందుకు చావలేదో, అది తిరిగి తిరిగి మన నల్లమల పక్కకు ఎలా వచ్చిందో చెప్పాలని నా కోరిక.

ఇలాంటి భయాలకు శ్రీశైలం కొత్త చోటేమీ కాదు. ఎనిమిదో శతాబ్దపు భవభూతి రాసిన ‘మాలతీమాధవం’ అయిదో అంకంలో మాధవుడు శ్మశానానికి వెళ్ళి పిశాచాలకు నరమాంసం అమ్మజూపుతాడు. అఘోరఘంటుడనే కాపాలికుడు మాలతిని చాముండకు బలి ఇవ్వబోయి మాధవుడి చేతిలో చస్తాడు. ఆ పగతో అతని శిష్యురాలు కపాలకుండల మాలతిని ఎత్తుకుపోయేది శ్రీపర్వతానికే. ఆమెను కాపాడే సౌదామిని సిద్ధి పొందిందీ శ్రీపర్వతం మీదే. ఆ శ్రీపర్వతం మన శ్రీశైలమేనని చాలామంది పండితుల మాట.

ఇదే కొండ రసవాదులకూ ఆటపట్టు. పాదరసాన్ని కట్టి, దానితో ఒంటిని చావులేనిదిగా చేసుకోవాలని తపించిన సిద్ధుల పరంపర నాగార్జునుడి పేరును ఈ కొండతో ముడివేసింది. రేపు దర్శనమయ్యాక గుడి ప్రాకారం చుట్టూ ఒకసారి నడవండి. రాళ్ళ మీద ఆ సిద్ధులూ యోగులూ ఇప్పటికీ కనిపిస్తారు. చావును గెలవాలని మనిషి చేసే ప్రయోగం, అది వికటిస్తే ఏమవుతుందోనన్న దడ: సైన్స్ హారర్ అని మనం పిలుస్తున్న సినిమాలకు పునాది ఈ రెండే. 1818లో మేరీ షెల్లీ రాసిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో ఉన్నదీ, 1931లో జేమ్స్ వేల్ దాన్ని తెరకెక్కించినప్పుడు జనాన్ని వణికించినదీ అదే.

ఇప్పుడు పిట్స్‌బర్గ్ వెళదాం. రోమెరో, ఆయన మిత్రులు అక్కడ వాణిజ్య ప్రకటనలు తీసి బతికేవాళ్ళు. పది మంది కలిసి తలా 600 డాలర్లు వేసుకుని మొదలుపెట్టారు. చివరికి ఖర్చు సుమారు 1,14,000 డాలర్లు అయింది. హాలీవుడ్ లెక్కలో అది చిల్లర డబ్బు. ఎవాన్స్ సిటీ అనే చిన్న ఊరి దగ్గర కూల్చేయబోతున్న ఒక రైతు ఇల్లు దొరికింది. సినిమా నలుపు తెలుపు కాబట్టి నెత్తురుకు బదులు చాక్లెట్ సిరప్ పోశారు. శవాలుగా నడిచినవాళ్ళలో చాలామంది చుట్టుపక్కల జనమే. ఈ పేదరికమే సినిమాకు బలమైందని నా నమ్మకం. అది కట్టుకథలా కాకుండా ఎవరో వార్తల కోసం తీసిన రీలులా కనిపిస్తుంది.

కథ చిన్నది. చనిపోయినవాళ్ళు లేచి బతికున్నవాళ్ళను తింటున్నారు. కారణం ఏమై ఉంటుందో టీవీలో అధికారులు, శాస్త్రవేత్తలు వాదించుకుంటారు. శుక్రగ్రహం నుంచి తిరిగి వస్తుండగా పేల్చేసిన ఉపగ్రహం రేడియేషన్ వెదజల్లిందని ఒక అనుమానం వినిపిస్తుంది. అంతకుమించి వివరణ లేదు. దయ్యాల కథను విజ్ఞాన కల్పనగా మార్చింది ఆ ఒక్క అనుమానమే. 1954లో రిచర్డ్ మాథెసన్ రాసిన ‘ఐ యామ్ లెజెండ్’ నుంచి తాను ఆలోచన తీసుకున్నానని రోమెరో దాచుకోకుండా చెప్పారు. కానీ మాథెసన్ కథలో ఇంట్లో ఒంటరి మనిషి ఉంటాడు. రోమెరో ఆ ఇంట్లోకి ఏడుగురిని తోశారు. నా దృష్టిలో ఈ సినిమా ఆయువుపట్టు ఇక్కడే ఉంది.

ఆ ఏడుగురికీ పడదు. కిటికీలకు పలకలు కొట్టి పైనే నిలబడి ఎదుర్కొందామంటాడు బెన్. కిందున్న నేలమాళిగలో దాక్కుందామంటాడు కూపర్. ఇద్దరికీ తుపాకీ కావాలి, పెత్తనం కావాలి. బయట గుమికూడినవాళ్ళు మందకొడిగా నడుస్తారు, నిప్పంటే జడుస్తారు, గట్టిగా తోస్తే పడిపోతారు. అందరూ ఒక్కమాట మీద ఉంటే తెల్లారేదాకా నిలవగలరు. అలా ఉండలేకపోయారు. పెట్రోలు కోసం బయటికి వెళ్ళిన యువజంట మంటల్లో కాలిపోయింది. బెన్, కూపర్ ఒకరి మీద ఒకరు కలబడ్డారు. జబ్బుపడి పడుకున్న చిన్నపిల్ల లేచి కన్నతల్లినే చంపింది. చిట్టచివరికి బెన్ బతికి బట్టకట్టింది కూపర్ చెప్పిన నేలమాళిగలోనే. అంటే అంతసేపూ మనం ఎవరిని సమర్థించామో అతని లెక్క తప్పింది. ఏ రాక్షసుడి ముసుగు చూసినప్పటికంటే ఈ చోట నాకు ఎక్కువ వణుకు పుడుతుంది.

పొద్దున తుపాకులు పట్టుకొచ్చిన జనం కిటికీలో బెన్‌ను చూసి శవమనుకుని కాల్చేస్తారు. బెన్‌గా నటించిన డువేన్ జోన్స్ నల్లజాతి నటుడు. స్క్రిప్టులో ఆ పాత్రకు జాతి ఏదీ రాయలేదని, బాగా చేసినవాడు దొరికితే తీసుకున్నామని రోమెరో అనేవారు. సినిమా ప్రింటు పట్టుకుని న్యూయార్క్ వెళ్తుండగా కారు రేడియోలో మార్టిన్ లూథర్ కింగ్ హత్య వార్త విన్నామని కూడా ఆయనే చెప్పారు. అది 1968 ఏప్రిల్. అక్టోబరు 1న పిట్స్‌బర్గ్‌లో సినిమా విడుదలైంది. చివర్లో కొక్కేలతో బెన్ శవాన్ని లాగే నిశ్చల చిత్రాలు చూసిన అమెరికా ప్రేక్షకుడికి తన పత్రికల్లో వచ్చే ఫోటోలు గుర్తురాకుండా ఎలా ఉంటాయి?

పిల్లల మ్యాట్నీలో ఈ సినిమా చూసి చిన్నారులు ఏడుస్తూ బిగుసుకుపోయారని విమర్శకుడు రోజర్ ఈబర్ట్ రాశారు. 1999లో అదే సినిమాను అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో చేర్చారు.

ఇంకో సంగతి చెప్పకపోతే కథ పూర్తికాదు. మొదట దీని పేరు ‘నైట్ ఆఫ్ ది ఫ్లెష్ ఈటర్స్’. పేరు మార్చినప్పుడు డిస్ట్రిబ్యూటరు టైటిల్ కార్డు మీద కాపీరైటు ముద్ర వేయడం మరిచాడు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ముద్ర లేకపోతే హక్కు లేదు. విడుదలైన రోజే సినిమా లోకం సొత్తయింది. తీసినవాళ్ళకు అన్యాయమే జరిగింది, వాళ్ళకు రావలసిన డబ్బు రాలేదు. కానీ టీవీవాళ్ళు, క్యాసెట్లవాళ్ళు ఎవరికి వాళ్ళు వేసుకున్నారు, జనం మళ్ళీ మళ్ళీ చూశారు. ఆ కథారూపం కూడా ఎవరైనా వాడుకునేదిగా మారింది. మూసిన ఇల్లు, బయట మంద, లోపల కలహం. దానిలో ఏ దేశానికి ఆ దేశం తన భయాన్ని నింపుకుంది.

మన సినిమా ఆ దారికి ఆలస్యంగా వచ్చింది. విఠలాచార్య దయ్యాలు పిల్లలను నవ్వించాయి కూడా. యండమూరి నవల ‘తులసిదళం’ చేతబడిని డాక్టర్ల మధ్యకు తెచ్చింది. 1991లో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’లో కాలయంత్రం ఎక్కించి, 2504లో రేడియేషన్‌కు భయపడి భూమికింద బతికే మనుషులను చూపించారు. మరుసటేడు రాంగోపాల్ వర్మ ‘రాత్రి’ తీశారు. శవాల మంద మాత్రం 2021 ఫిబ్రవరి 5న, ప్రశాంత్ వర్మ ‘జాంబీ రెడ్డి’తో వచ్చింది. కరోనా మందు కోసం చేసిన ప్రయోగం వికటించడం అందులో బీజం. అప్పటికి మనమందరం మూసిన తలుపుల వెనక నెలలు గడిపి ఉన్నాం.

ఆ మంద ఎక్కడికొచ్చింది? కర్నూలు సీమలోని ఫ్యాక్షన్ ఊరికి. ఊరి పేరు రుద్రవరం. కథలోని ఊరు కల్పితమే. అయితే ఆ పేరుతో ఒక మండలమే ఆళ్ళగడ్డ పక్కన ఉందని ఇక్కడున్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. పెళ్ళి ఇల్లు, పెద్ద గేటు, లోపల కత్తులు, బయట పగవాళ్ళు. రోమెరో కష్టపడి కట్టుకున్న పరిస్థితి ఇక్కడ సిద్ధంగా ఉంది. హీరో తేజ సజ్జ అంతకు పంతొమ్మిదేళ్ళ ముందు ‘ఇంద్ర’లో చిన్ననాటి ఇంద్రగా చేసిన పిల్లవాడే. ఫ్యాక్షన్ సినిమాలో పెరిగిన బిడ్డ జాంబీ సినిమాలో పెద్దవాడయ్యాడు.

నా తీర్పు అడిగితే, ఊరిని ఎంచుకోవడంలో ‘జాంబీ రెడ్డి’ది అసలైన తెలివి. కానీ ఆ ఊరు ఇచ్చిన అవకాశాన్ని అది సగమే వాడుకుంది. నవ్వులు ఎక్కువై, ఇంటి లోపలి కలహం తేలికైపోయింది. ఇరవై ఏళ్ళ పగ ఉన్న రెండు కుటుంబాలు ఒకే గది తలుపుకు భుజాలు ఆనించాల్సి వస్తే వాళ్ళ ముఖాలు ఎలా ఉంటాయో చూడాలని నాకు ఆశ. సీమ అంటే సుమోల పేలుళ్ళేనని చూపించిన సినిమారంగం ఆ ముఖాలను మనకు బాకీ ఉంది.

ఇంకా ముట్టుకోని భయం ఒకటి మన కాళ్ళకిందే ఉంది. ఈ కొండ దిగితే కనిపించే ఆనకట్ట మన తరం చూసిన అతిపెద్ద సైన్సు. దాని నీళ్ళు మనకు వెలుగిచ్చాయి, పైరునిచ్చాయి. ఆ నీళ్ళకింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్ళు వందకు పైగా పోయాయి. 1981లో ఇళ్ళు కూలగొట్టి జనాన్ని వెళ్ళగొట్టిన రోజులు ఈ సభలోని పెద్దలకు తెలుసు. ఆ నీళ్ళలోనే సంగమేశ్వరం గుడి ఏటా మునుగుతుంది, ఎండాకాలం నీళ్ళు తగ్గితే మళ్ళీ లేచి నిలబడుతుంది. అక్కడ పూజలు మొదలవుతాయి. పోయిన ఊళ్ళు తమ పొలాలు అడగడానికి తిరిగి వస్తే మనం ఏ తలుపులు వేసుకుంటాం? అవి మనకు శత్రువులా, చుట్టాలా?

నంద్యాలలో, ఆళ్ళగడ్డలో ఫోనుతో షార్ట్ ఫిల్ములు తీస్తున్న కుర్రవాళ్ళు ఈ సభలో ఉన్నారు. రోమెరో సినిమా ఉచితంగా దొరుకుతుంది, ముందు దాన్ని చూడండి. తర్వాత ముంపు ఊళ్ళ నుంచి వచ్చి మీ వీధిలో స్థిరపడిన అవ్వనో తాతనో అడిగి, వాళ్ళ ఊరి కథ రాసుకోండి. వాళ్ళు ఉండగానే ఆ పని మొదలుపెట్టండి.